సున్నం గోడకి తలుపు

మార్చి 3, సోమవారం

బంగారయ్య నా ఇంటి గోడ తొక్కి లోపలికి వచ్చాడు. పాతికేళ్లయింది. ఎందుకు తొక్కావంటే ఈరోజు వరకూ జవాబు లేదు. ఈ డైరీ మొదటి పేజీలో ఇదే రాయాలనుకున్నాను. రాశాను.

డైరీ కంచిలిలో ఎరువుల కొట్టువాడు ఇచ్చాడు. రెండు నెలల నుంచి చూరులో పడి ఉంది. నాకు అక్షరాలు వచ్చింది ముసలితనంలో, రాత్రి బడిలో. ఒత్తులు తప్పుతాయి. తప్పితే తప్పనీ, చదివేది నేనే.

గోడ అంటే ఇటుక గోడ కాదు. పునాది తవ్వే ముందు నేల మీద సున్నంతో ముగ్గు పోస్తాం కదా, ఆ గోడ. ముగ్గు పడిందంటే మాకు ఇల్లు లేచినట్టే. గుమ్మం కోసం వదిలిన ఖాళీలోంచే ఎవరైనా లోపలికి రావాలి, కుడికాలు ముందు పెట్టి రావాలి. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. బంగారయ్యకి తెలియదా? తాపీమేస్త్రి. ఊరూరా ముగ్గులు పోసిన మనిషి. పైగా నా భార్యకి సొంత అన్న, నాకు బావ. నా భార్య పేరు పెద్దతల్లి. పంతులు మంత్రం చదువుతున్నాడు, ఊరంతా చూస్తోంది, ఈయన నెత్తిన గంపతో వెనక నుంచి వచ్చి, గీత తొక్కి, తిన్నగా నా వంటగదిలో తేలాడు.

"గోడ తొక్కీసినావు" అన్నాను.

నవ్వాడు. "సున్నమే కద బావా" అన్నాడు.

సున్నమే కదా అట.

పని అప్పుడే ఆపించాను. తప్పయిందని ఆయన చెబితే కడతానన్నాను. ఆయన చెప్పలేదు. మా అన్న పుట్టింటి చీర పట్టుకు రాకుండా కొత్తింట్లో అడుగు పెట్టనని పెద్దతల్లి అంది. ఆ మాట మీదే ఉంది. ముగ్గురం ఎవరి మాట మీద వాళ్లం ఉన్నాం. ఇల్లు మాత్రం లేదు.

మార్చి 5

స్థలంలో కలుపు పీకాను. నాలుగు మూలలా ముగ్గు కొలతకి పాతిన గూటాలు బాగానే ఉన్నాయి. పెద్ద తుపానుకి మేముండే ఇంటి పెంకులన్నీ ఎగిరిపోయి రేకులు వేసుకున్నాం గానీ గూటాలు మాత్రం కదల్లేదు. జీడి కర్రతో కొట్టినవి.

మేకలు మళ్లీ గోడలోంచి దూరాయి. తోలాను. రోడ్డు మీద ఆటోవాడు ఆగి మరీ నవ్వాడు. వాడికి కనిపించదు. నాకు కనిపిస్తుంది.

మార్చి 9, ఆదివారం

టెక్కలి నుంచి భార్గవి వచ్చింది. మా అమ్మాయి హేమలత కూతురు. ఇంజినీరింగు ఆఖరి సంవత్సరం.

"తాతా, నాకో కట్టని ఇల్లు కావాలి" అంది.

"కట్టని ఇల్లు ఎక్కడ దొరుకుద్దే?"

"నీ దగ్గర ఉందంట కదా. అమ్మ చెప్పింది."

సంచిలోంచి ఒక నల్లటి వస్తువు తీసింది. కళ్లజోడు కాదు. కళ్లు రెండూ మూసేసేలా ఉంది, వెనకాల పట్టీ, ఒక తీగ. గానుగెద్దు గంతలేటని అడిగాను. గంతలే గానీ ఇందులో లోపల కనిపిస్తుంది తాతా అంది. వాళ్ల సారు దగ్గర అడిగి తెచ్చిందట. దాని పేరు వర్చువల్ రియాలిటీ. రెండుసార్లు చెప్పించుకుని రాశాను.

ఇల్లు కట్టకముందే అందులో తిరగొచ్చట. కిటికీ లోంచి ఎండ ఎక్కడిదాకా పడుతుందో చూసుకోవచ్చు. గోడ నచ్చకపోతే జరపొచ్చు, కట్టాక పగలగొట్టే పని లేదు. ఇంకా ఏవేవో చెప్పింది. డాక్టరు చదివే పిల్లలు మనిషి గుండెలోకి వెళ్లి చూసి వస్తారట. మంచం దిగలేని మనిషి సముద్రం ఒడ్డున తిరుగుతాడట. రేపు ఇవన్నీ రేడియోలాగా ఇంటింటికీ వస్తాయట. చిన్నపిల్ల, ఆశ ఎక్కువ. నేను ఊ కొట్టాను.

"ఇంకో రకం కూడా ఉంది తాతా. దాంట్లో మన స్థలం మనకి కనిపిస్తూనే ఉంటాది, దాని మీద లేని ఇల్లు కూడా కనిపిస్తాది. అది మా కాలేజీకి ఇంకా రాలేదు."

పెద్దతల్లి చేటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తకుండా అంది: "మీ తాతకి వచ్చీసినాదే అమ్మా. పాతికేళ్లయి అదే ఎట్టుకు తిరుగుతన్నాడు."

ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నవ్వుకోనీ.

స్థలంలోకి తీసుకెళ్లి అంతా చూపించాను. ఎక్కడ పడగ్గది, ఎక్కడ పొయ్యి, ఎక్కడ బావి, అడుగుల లెక్కన చెప్పాను, ఒక్కటీ మరిచిపోలేదు. భార్గవి టేపు పట్టుకుని కొలిచింది. మూల మీదుగా అడ్డంగా నడవబోయింది. ఆపాను. గుమ్మంలోంచి వచ్చింది, కుడికాలు పెట్టింది. మంచి పిల్ల.

వెనక సందు కూడా పెట్టమన్నాను. బంగారయ్య ఇంటి నుంచి వచ్చే సందు. రెండు పక్కలా ఉండే మొగలి పొదలు కూడా పెట్టమన్నాను. ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చి ఎలా తొక్కాడో పిల్లకీ తెలియాలి.

మార్చి 12

జీడి పిక్కలు రాలుతున్నాయి. పెద్దతల్లి వెనక సందులోంచి ఎక్కడికో వెళ్లి వచ్చింది. ఎక్కడికని నేను అడగను. పాతికేళ్లుగా అడగలేదు.

మార్చి 16, ఆదివారం

భార్గవి ల్యాప్‌టాప్, గంతలు పట్టుకొచ్చింది. మంచం మీద కూర్చోబెట్టి కట్టింది. నువ్వు తల తిప్పు తాతా, నడిపించేది నేను అంది. తను మీట నొక్కితే నేను ముందుకి వెళ్తాను.

మొదట ఏమీ లేదు, నీలం. తర్వాత ఇల్లు.

నా ఇల్లు.

రంగు బాగాలేదు, పిండితో చేసిన బొమ్మలాగా ఉంది. కానీ తల పక్కకి తిప్పితే పక్క గోడ ఉంది. ఇటు తిప్పితే గుమ్మం ఎక్కడిదక్కడే ఉంది. ఎటు చూసి మళ్లీ చూసినా ఎక్కడికీ పోలేదు. అది నచ్చింది. ఇల్లంటే అలా ఉండాలి.

గుమ్మం దగ్గరికి రాగానే కుడికాలు ఎత్తాను. మంచం మీద కూర్చునే ఎత్తానని పెద్దతల్లి తర్వాత చెప్పింది. తల కూడా వంచానట.

వసారా, నట్టిల్లు, పడగ్గది, అన్నీ తిప్పింది.

అప్పుడన్నాను, "నన్ను ఎనకేపు సందులో నిలబెట్టు. ఆ మనిషి గంపతో నిలబడ్డ కాడ."

నిలబెట్టింది. అటు మొగలి పొద, ఇటు మొగలి పొద, ఎదురుగా నా వెనక గోడ. ఇప్పుడు లోపలికి నడిపించు అన్నాను. మీట నొక్కింది. గోడ నా ముఖం మీదికి వచ్చింది, ముఖంలోంచి పోయింది. వంటగదిలో ఉన్నాను.

గంతలు పీకి అవతల పడేశాను.

"గోడలోంచి ఈడ్సుకొచ్చీసినావేటే! నువ్వూనా?"

"మరి ఎలా రమ్మంటావు తాతా? ఇటేపు గుమ్మం ఏదీ? నువ్వు చెప్పలేదు కదా."

"ముందుకి తిప్పి తేవాల."

"ఎలా తిప్పనూ? రెండు పక్కలా ముళ్లు పెట్టమన్నావు. గోడ అడ్డుకునేలా ఇంకా చెయ్యలేదు గానీ, పొదలు నిన్ననే చేశాను. ముళ్లలోంచి వెళ్లనివ్వదు. వెనక్కి వెళ్లి ఊరంతా చుట్టి రావాల."

గంతలు పగల్లేదు. సారుకి తిరిగి ఇవ్వాల్సిన వస్తువు, పిల్ల ఏడుపు మొహం పెట్టింది. పెద్దతల్లి గంతలు తీసి కొంగుతో తుడిచింది. నావైపు చూసింది. ఏదైనా అంటే బాగుండేది.

మార్చి 17

రాయడానికి ఏమీ లేదు.

మార్చి 18

ఆ రోజుల్లో మొగలి పొదలు ఇంత గుబురుగా లేవు.

మార్చి 19

ఉన్నాయి.

మార్చి 20

గంపలో ఉన్నవి పూజ ఇటుకలు. పసుపు రాసి, పంతులు చేయి వేసినవి. ముహూర్తం దాకా నేల మీద దించకూడదు. ఆ పని మేనరికం వాళ్లకో బావమరుదులకో అప్పగిస్తారు, గౌరవం అది. నేనే అప్పగించాను. గంపతో ఊరంతా చుట్టి వచ్చేసరికి ముహూర్తం దాటిపోయేది.

అయితే మాత్రం. కేక వెయ్యొచ్చు కదా. బావా, దారి లేదు అని ఒక్క కేక. పంతులు మంత్రం ఆపేవాడు. నవ్వడం దేనికి?

మార్చి 23, ఆదివారం

ఈరోజు చాలా రాయాలి.

పొద్దున భార్గవి వాళ్ల అమ్మమ్మకి గంతలు కట్టింది. పెద్దతల్లి మంచం వద్దంది, నేల మీద కూర్చుంది.

"పొయ్యేదీ?"

"ఎదరనే ఉంది అమ్మమ్మా, కిందికి సూడు."

చూసింది. చెయ్యి చాపింది, గాలిలో ఏదో సర్దింది. కిటికీ ఎటుందో తనే వెతుక్కుంది. తూర్పున జీడితోట మీద నుంచి వెలుగు పడుతోందట. అలాగే పెట్టమన్నాను నేను, పాతికేళ్ల కిందట తను అడిగిన కిటికీ అది.

"వాన కురిపించనా అమ్మమ్మా?" అంది భార్గవి.

"నువ్వు కురిపిత్తావా?"

ఏదో నొక్కింది. పెద్దతల్లి కిటికీ వైపు చూసి, తర్వాత తల పైకెత్తింది. ఎత్తిన తల దించదు. అరచెయ్యి చాపి పట్టుకుంది. వానొస్తే మా రేకుల కింద తను పొయ్యిని మూడు చోట్లకి మారుస్తుంది, ఆ చెయ్యి అలా చాపి చుక్క ఎక్కడ పడుతోందో చూసి మరీ మారుస్తుంది.

"తడవట్నేదు" అంది.

"బొమ్మకి తడేటి?" అన్నాను.

"బొమ్మ కాదు. కొత్తిల్లు." గంతలు తీయనివ్వలేదు. ఇంకొంచెంసేపు ఉంటానంది.

భోజనాలయ్యాక నేను కునుకు తీశాను. లేచేసరికి ఇద్దరూ లేరు, ల్యాప్‌టాపూ లేదు. పొద్దు వాలాక వెనక సందులోంచి వచ్చారు. ఈసారి అడిగాను.

"మా అన్నకి సూపించినాం" అంది పెద్దతల్లి. "నీకు సెప్పి ఎల్లాలా?"

నా ఇల్లు నాకు చెప్పకుండా పట్టుకెళ్లి చూపించారు. కోపం వచ్చింది. కోపం ఉండగానే, ఏమన్నాడని అడిగాను.

భార్గవి చెప్పింది. బంగారయ్యకి ఈమధ్య మోకాళ్లు పట్టేశాయి, అరుగు మీదే ఉంటాడట. గంతలు కట్టి సందులో నిలబెట్టిందట, నన్ను నిలబెట్టిన చోటే. లోపలికి వెళ్దామా తాతయ్యా అందట.

"ఇటేపు ఎల్లకూడదమ్మా. గోడుంది."

"కంప్యూటరే కదా, గోడలోంచి వెళ్లిపోవచ్చు. ఏమీ అవదు."

"నీకేటి తెల్సు? ఒకపాలి ఎల్లీసినాను. సాలు. ఎనక్కి తిప్పు."

ఊరు తన బొమ్మలో లేదు తాతా, అంది భార్గవి. మొగలి సందు, ఇల్లు, అంతే చేసింది. వెనక్కి వెళ్తే ఉత్త నీలం. ఆ నీలంలో తిప్పి తిప్పి ముందు వైపుకి తీసుకొచ్చిందట. ముసలాయన అరుగు మీద కూర్చునే మెడ వంచి, కుడికాలు ఎత్తాడట. ఎత్తిన కాలు అరుగు పక్కనున్న నీళ్ల బకెట్టుకి తగిలి బకెట్టు బోర్లా పడిందట. పడితే పడిందిలే, లోపలికి తీసుకెల్లు అన్నాడట.

ఇంట్లో అంతా చూశాడు. మేస్త్రి చూపు కదా, మూలమట్టం బాగుంది అన్నాడట. వంటగదిలో మాత్రం చాలాసేపు ఆగాడట.

"ఎనక గోడకి తలుపెట్టమను మీ తాతని. తలుపెడితే నానొత్తాను. పుట్టింటోళ్లు ఎనకేపు నించే వత్తారు, అటే మా ఇల్లు." ఇదీ కబురు.

పెద్దతల్లి నా ముఖం చూస్తూ నిలబడింది.

ఆయన చెబితే నేను తలుపు పెట్టేది ఏమిటి? నా ఇల్లు.

మార్చి 25

వంటగదికి వెనకవైపు గాలి రావాలి. పొగ పోవాలి. తలుపు ఉంటే మంచిదని నాకు ఎప్పటి నుంచో ఉంది. ఊళ్లో కొట్టు నుంచి భార్గవికి ఫోను చేయించి తలుపు పెట్టమన్నాను. ఎందుకు తాతా అంది. గాలికి అన్నాను. సరే తాతా, గాలికే అంది.

ఇది నేను ముందే అనుకున్నది. బంగారయ్య అన్నాడని కాదు.

మార్చి 29

స్థలంలో వెనక గీత మీద గుమ్మం ఎక్కడ రావాలో చూసి రెండు పుల్లలు పాతాను. సందులో మొగలి కొంచెం కొట్టాను. ముళ్లు గుచ్చుకుని వేళ్లు రెండు వాచాయి. కొడవలి మొండిది.

మేకలు వచ్చాయి. ఆ రెండు పుల్లల మధ్య నుంచి వచ్చాయి. తోలలేదు.

ఏప్రిల్ 12, శనివారం

కాలేజీలో భార్గవి ఇల్లు అందరికీ చూపించింది. మమ్మల్ని కూడా రమ్మంది. కంచిలి నుంచి పలాస, పలాస నుంచి టెక్కలి, ఎండలో వెళ్లాం. పెద్దతల్లి పెట్టెలో అడుగున ఉన్న చీర కట్టుకుంది.

పెద్ద గది, కుర్చీలు, సార్లు. తెర మీద మా ఇల్లు. ఎవరు గంతలు కట్టుకుంటే వాళ్లు చూసేది తెర మీద అందరికీ కనిపిస్తుంది. కుర్రాళ్లు వరస కట్టారు. ఇప్పుడు గోడలు అడ్డుకుంటాయి, ఎవడూ గోడలోంచి దూరలేడు. అది చూడ్డానికే ఈ వయసులో టెక్కలి వెళ్లినా నష్టం లేదు.

పెద్ద సారు తనే కట్టుకుని తిరిగాడు. వెనక తలుపు దగ్గర ఆగాడు. "ఇంత చిన్న ఇంటికి ఇక్కడ ఇంకో తలుపు ఎందుకమ్మా?" అన్నాడు.

భార్గవి నావైపు చూసింది. "గాలికి సార్" అంది.

"గాలికయితే కిటికీ చాలుగా" అన్నాడు.

నేను లేచాను. "తలుపే ఉండాలండి. ఆ పక్క నుంచి మా బావ వస్తాడు" అన్నాను.

పెద్దతల్లి నా చొక్కా అంచు పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. బస్సులో కూడా ఆ అంచు వదల్లేదు. ఏమిటి ఈ పట్టుకోవడం, నేనేమైనా పారిపోతానా అన్నాను. నీ ముకం, ఊరుకో అంది.

ఏప్రిల్ 20, ఆదివారం

పంతులు దక్షిణామూర్తి గారు ముహూర్తం పెట్టారు. మే నెలలో, తొమ్మిదో తారీకు శుక్రవారం. అప్పటి పంతులు ఈయన తండ్రి. ఆయన మంత్రం మధ్యలో ఆగిన ఇల్లు ఇదేనా అన్నారు. అవును, మిగతా సగం నువ్వు చదువు అన్నాను.

పూజ ఇటుకలు ఎవరు మోస్తారు అన్నారు. పెద్దతల్లి, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. చెబుతామన్నాను.

పలాస వడ్రంగి వచ్చి కర్ర చూసుకున్నాడు. ముందు గుమ్మం కొలత రాసుకున్నాడు. వెనక గుమ్మం ఎత్తు ఎంత అన్నాడు. మామూలు ఎత్తే పెట్టేద్దామా అన్నాడు.

ఆగమన్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

పెద్దతల్లి చేత కబురు పంపుతున్నాను. మాట మారకుండా ముందు ఇక్కడ రాసుకుంటున్నాను. దానికి చదివి వినిపిస్తాను, అది వెళ్లి అలాగే చెప్పాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు.

బంగారయ్య బావా. నువ్వు ఆ రోజు ఎందుకు తొక్కావని అడగడం లేదు. ఆ సంగతి ఇప్పుడు కాదు. నీ మోకాళ్ల సంగతి భార్గవి చెప్పింది. సందు శుభ్రం చేయించాను, నడవడానికి గుంతలు లేవు, ముళ్లు లేవు. నెమ్మదిగా రావచ్చు. మోయలేకపోతే నీ గంపకి కింద నేను ఒక చెయ్యి వేస్తాను, బావమరుదులం ఇద్దరం మోశామంటే పంతులు కాదనడు.

వడ్రంగి కర్ర కోయకుండా ఆగాడు. నాకు ఒక్క సంగతి తెలియాలి. అది చెప్పవలసింది నువ్వే, మేస్త్రివి నువ్వు, గంప మోసేదీ నువ్వు. నెత్తిన గంపతో మనిషి తల వంచకుండా లోపలికి రావాలంటే గుమ్మం ఎంత ఎత్తు ఉండాలి?

ఈ శుక్రవారం పొద్దు గూకేలోగా చెప్పు.